నల్లగరువు లెక్క

పూర్వం జహ్ను మహర్షి గంగనంతా ఒక్క గుక్కలో తాగేసి, బతిమాలితే చెవిలోంచి వదిలాడంటారు. ఎర్రమెట్ట గణన కేంద్రంలో ఉన్న జహ్ను అనే యంత్రం కూడా ఇంచుమించు అదే పని చేస్తుంది. గోదారి పాయలూ, కాలవలూ, గట్లూ, ఊళ్ళూ, ఆఖరికి ఏ ఊళ్ళో ఏ వీధి ఎంత పల్లమో అన్నీ కడుపులో పోసుకుని, రేపు సాయంత్రానికి నీళ్ళు ఎక్కడుంటాయో ఇవాళే తెర మీద పారించి చూపిస్తుంది. కాకపోతే ఆ మహర్షిని బతిమాలితే సరిపోయింది. ఈయనగారికి రోజంతా చల్లనీళ్ళ గొట్టాలు తిప్పుతూ, పసిపిల్లాడికి తడిగుడ్డ వేసినట్టు ఒళ్ళు చల్లబరుస్తూ ఉండాలి.

వెనకటి వరదలో సూచన తప్పి ఒక పేట పేటంతా కొట్టుకుపోయాక ప్రభుత్వానికి కళ్ళు తెరుచుకున్నాయి. దేశంలో మరెక్కడా లేనంత పెద్ద సూపర్ కంప్యూటర్ కావాలని డాక్టర్ పుణ్యవతి అప్పటికి పదేళ్ళుగా అడుగుతోంది. అప్పటిదాకా పెడచెవిన పెట్టినవాళ్ళే రెండు చేతులా ఇచ్చారు. భవనం కట్టారు, యంత్రం తెచ్చారు, నది పొడవునా కొలత పరికరాలు నాటారు. ఇచ్చినవాళ్ళు ఊరికే ఉంటారా? రెండో దశ ఇవ్వాలా వద్దా తేల్చడానికి ఢిల్లీ నుంచి సమీక్షా సంఘాన్ని పంపారు. వాళ్ళు దిగిన మర్నాడే గోదారికి వరదొచ్చింది.

"పరీక్ష పేపరు వెంటబెట్టుకొచ్చినట్టున్నారు మేడమ్" అన్నాడు రఫీ, యంత్రాన్ని నడిపే ఇంజనీరు.

"నాకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదయ్యా."

"రోట్లో తల దూర్చాక రోకటి పోటుకి భయపడితే ఎలా?"

పుణ్యవతి భయస్తురాలే. గ్యాసు కట్టానా లేదా అని సగం దారిలోంచి వెనక్కొచ్చే మనిషి. ఆఫీసులో అందరూ ఆమెను ఆటపట్టించేది దాని గురించే. అయితే కడుపులో ఆ బితుకు లేని మనిషి వరదల లెక్క చేయకూడదని ఆమె నమ్మకం, అది నిజం కూడా. ఆ రోజు మాత్రం ఉదయం నుంచీ ఆమె తెర ముందు నుంచి కదల్లేదు.

ఎందుకంటే సాయంత్రం లోపల కోటిపురం గట్టు తెగుతుందని జహ్ను పొద్దున్నే చెప్పింది. కోటిపురం అంటే ఆసుపత్రులూ, కాలేజీలూ, లక్షకు పైగా జనం. గట్టు తనంతట తాను తెగితే ఎంతమంది పోతారో తెర మీదికి వచ్చిన అంకెను పుణ్యవతి ఒక్కసారే చూసి తెర మార్చేసింది. తప్పించడానికి ఒక్కటే దారి. ఎగువన మరోచోట మనమే ముందుగా గట్టుకు గండి కొట్టి నీటిని పొలాల మీదికి వదలాలి. ఎక్కడ కొడితే తక్కువమంది పోతారో చూడటం జహ్ను పని. గట్టు పొడవునా అడుగడుక్కీ తన కడుపులోనే గండి కొట్టి, నీళ్ళు వదిలి, మళ్ళీ పూడ్చి, వేలసార్లు చూసుకుంది. మధ్యాహ్నానికి ఒక పేరు చెప్పింది. తుమ్మలపల్లం. ప్రాణనష్టం సున్నా.

సంఘం అధ్యక్షుడు అనంతపద్మనాభం గారు కళ్ళజోడు సవరించుకుని తెర దగ్గరికొచ్చారు. తెలుగాయనే. మాట మెత్తన, చూపు మాత్రం కంసాలి త్రాసు.

"అక్కడ పేట కనిపిస్తోంది కదమ్మా. ఇళ్ళున్నాయి. సున్నా ఎలా అవుతుంది?"

"ఖాళీ చేశారు సార్. పొద్దున్న గట్టు వెంట ఊళ్ళన్నింటా చాటింపు వేశారు. ఇవిగో, ఈ పసుపు చుక్కలు ఒక్కోటి ఒక్కో ఫోను. ఫోనుంటే మనిషి ఉన్నట్టు లెక్క. చాటింపు తర్వాత ఫోను జాడ లేకుండా పోతే ఆ మనిషి ఊరు వదిలినట్టు లెక్క. తుమ్మలపల్లంలో ఇప్పుడు ఒక్క చుక్క కూడా లేదు చూడండి."

ఆ నియమం రాసింది ఆమే. వేసవిలో నాలుగు ఊళ్ళల్లో ఉత్తుత్తి వరద పెట్టి, జనాన్ని లారీలెక్కించి చూశారు. వెళ్ళినవాళ్ళెందరో, ఉండిపోయినవాళ్ళెందరో జహ్ను ఒక్క మనిషి తేడా లేకుండా చెప్పింది. అది చూడడానికి వచ్చిన ఇదే సంఘం అప్పుడు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు తలుచుకుని ఆమె చాలా రోజులు సంతోషపడింది.

గట్టు ఇంజనీరు సాల్మన్ రాజు అప్పటికే మట్టి తవ్వే పొక్లెయిన్లు తీసుకుని తుమ్మలపల్లం గట్టెక్కి కూర్చున్నాడు. స్పీకర్లో అతని గొంతు వానలో తడుస్తూ వచ్చింది. "ఆయ్, మేం సిద్ధమండి. కలెక్టరు గారి సంతకం రావడమే తరువాయండి."

యంత్రం ఉన్న హాల్లోకి ఎవరి ఫోన్లూ రానివ్వరు. బయట గదిలో అరల్లో పెట్టి వెళ్ళాలి. సంతకం వచ్చేలోపు ఒక గుక్క టీ తాగుదామని పుణ్యవతి బయటికొచ్చేసరికి అరలో ఫోను మోగుతోంది. చెల్లెలు కుసుమ. నల్లగరువులో మొగుడు ధనరాజుతో కలిసి పూలమొక్కల నర్సరీ నడుపుతోంది. ఇద్దరూ ఇరవయ్యేళ్ళు ఒళ్ళు వంచి పెంచిన తోట. కుసుమ ఫోను చేస్తే ముందు గులాబీ అంట్ల సంగతి, తర్వాత పిల్లల సంగతి, తీరికుంటే మొగుడి సంగతి.

"అక్కా, మా వేపు నీళ్ళొస్తాయంటావా?"

"రావే. మీది మెరక. పొద్దున్నే చూశాను. నిశ్చింతగా ఉండు."

"నువ్వు చెప్తే ఇంకేం. చాటింపు విని ఈయన ఊరికే కంగారు పడతన్నారు. మొక్కలు లారీకెక్కిద్దామా అని ఒకటే గోల. ఒద్దు, మా అక్క చెప్తాది అన్నాను. సరే, ఉంటానక్కా. కరెంటు పొద్దున్నే తీసేశారు, ఛార్జింగు అయిపోతే మళ్ళీ దిక్కుండదు. ఆపేస్తన్నా. రేపు పొద్దున్న పెడతాలే."

"సరే, జాగ్రత్త."

టీ సగంలో వదిలేసి హాల్లోకి వచ్చింది. చెల్లెలి గొంతు విన్నందుకు మనసు కొంచెం కుదుటపడింది. అలవాటుగా తెర మీద నల్లగరువు వైపు చూసింది. పచ్చటి చారల మధ్య కొద్దిపాటి పసుపు చుక్కలు. ఆమె చూస్తుండగానే ఒక చుక్క ఆరిపోయింది. ఆ పక్కన మరొకటి. ఊరి పేరు కింద జహ్ను నెమ్మదిగా అంకె తగ్గించుకుంటూ పోతోంది.

చెల్లెలు ఎక్కడికీ వెళ్ళలేదు. ఇంట్లోనే ఉంది. ఇప్పుడే కదా మాట్లాడింది.

పుణ్యవతికి అప్పుడు వెలిగింది. వేసవిలో ఉత్తుత్తి వరద పెట్టినప్పుడు కరెంటు తీయలేదు. అందరి ఫోన్లలోనూ నిండా ఛార్జింగుంది. ఆపుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. నిజం వరదలో ముందు జాగ్రత్తగా కరెంటు తీసేస్తారు, జనం ముందు జాగ్రత్తగా ఫోన్లు ఆపుకుంటారు. ఈ డెల్టాలో పుట్టి పెరిగిన ఏ మనిషైనా చేసే పని అది. తనైనా అదే చేస్తుంది. అంత చిన్న సంగతి ఇన్ని కోట్ల లెక్కలు కట్టిన తన బుర్రకు తట్టలేదు.

"రఫీ, సాల్మన్ రాజు గారిని కలుపు. త్వరగా."

స్పీకర్లో వాన హోరు. "చెప్పండి మేడమ్. సంతకం వచ్చేసిందండి. మొదలెట్టేమంటారా?"

"ఆపండి. పేటలోకి మనిషిని పంపించి చూడండి."

"ఏం చూడమంటారండి? ఈ వానకి పది గజాల అవతల కనపడ్డం లేదు. తలుపులన్నీ ఏసున్నాయ్. మీ మిషను ఖాళీ అంది కదండి."

"నేను చెప్పేది వినండి. ఎవరింటి మీదైనా పొయ్యి పొగ వస్తోందేమో చూడండి. తలుపులు కొట్టించండి."

అనంతపద్మనాభం గారు కుర్చీలో ముందుకు వంగారు. పుణ్యవతి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఎవరూ ఉండకూడదు దేవుడా, నా అనుమానమే తప్పు కావాలి, అందరి ముందూ నా పరువు పోయినా సరే అని మొక్కుకుంది. చాలాసేపటికి సాల్మన్ రాజు గొంతు వచ్చింది. ఇందాకటి గొంతు కాదు.

"ఉన్నారండి."

"ఎంతమంది?"

"అందరూనండి. ఒక్కళ్ళూ కదల్లేదు. దారి మునిగిపోయిందంట, ఎటెళ్తాం అంటన్నారు. అటకల మీద పిల్లల్నెక్కించుకుని కూచున్నారు. మూడొందల మంది పైనే ఉంటారండి. మేడమ్, నేను బకెట్టు గట్టుకి ఆనించేశానండి. మీరింకొక్క నిమిషం ఆలస్యంగా చేసుంటే..."

పుణ్యవతి కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది.

అనంతపద్మనాభం గారు నెమ్మదిగా అన్నారు. "అంటే యంత్రం తప్పు చెప్పిందా అమ్మా?"

"యంత్రం తప్పు కాదు సార్. నేను దానికి తప్పు నేర్పాను. ఫోన్ల నియమం తీసేస్తాను. ఏ ఊళ్ళోనూ ఎవరూ కదల్లేదనే లెక్క వేసి మళ్ళీ నడపాలి."

"టైము ఉందా?"

"ఒక్కసారికి ఉంది. రెండోసారికి లేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రెండో దశ సంగతి నేను ఢిల్లీలో ఏం చెప్పుకోవాలో నాకు తెలీడం లేదు. ముందు నడపండి."

జహ్ను మళ్ళీ గోదారిని తాగడం మొదలుపెట్టింది. మిగతా పనులన్నీ ఆపేసి మొత్తం యంత్రాన్ని దీనికే ఇచ్చేశాడు రఫీ. గొట్టాల్లో నీళ్ళు వేడెక్కి హోరు పెరిగింది. తెర మీద నీలం రంగు ఒకచోట గట్టు దాటుతుంది, ఊరు మింగుతుంది, చెరిగిపోతుంది, ఇంకోచోట మొదలవుతుంది. ఆ చెరిగిపోయే ఊళ్ళన్నింటిలోనూ ఇప్పుడు జనం ఉన్నారు. పిల్లల్ని అటకెక్కించుకుని కూర్చున్నారు. ఇందాకటిదాకా అవి అంకెలుగా కనిపించాయి గనకే కాళ్ళ మీద నిలబడగలిగానని పుణ్యవతికి అప్పుడు తెలిసింది.

జవాబు వచ్చాక రఫీ దాన్ని పైకి చదవలేదు. కుర్చీ కొంచెం పక్కకు జరిపాడు.

మొదటి పేరు నల్లగరువు. గరువు మీద ఇళ్ళు మెరకే గానీ, అక్కడ గండి కొడితే నీళ్ళు నర్సరీలన్నింటినీ ముంచి గరువును చుట్టేస్తాయి. అయితే జనం తక్కువ. తారు రోడ్డుంది. మొక్కలు మోసే లారీలు ఇంటింటా ఉన్నాయి. గంటలో ఊరంతా కదిలిపోవచ్చు. గండి కొట్టే వేళకు పైన ఉండిపోయేవాళ్ళు ఉండరని జహ్ను లెక్క. మొక్కల లెక్క దానికి తెలియదు. ప్రాణాలు తప్ప ఇంకేమీ లెక్కపెట్టకూడదని మొదటిరోజే పట్టుబట్టింది కూడా పుణ్యవతే.

రెండో పేరు చింతలరేవు. అది ఎవరి ఊరో ఆమెకు తెలియదు. అక్కడ నలభైమంది ఎక్కువ, రోడ్డు కొంచెం ఇరుకు. ఆ రెండు పేర్ల మధ్య తేడా తెర మీద గోరంత. రెండోది చదివినా ఎవరూ ప్రశ్నించరు. అనంతపద్మనాభం గారు తెరకు దూరంగా, హాల్లోని ల్యాండ్ ఫోనులో కలెక్టరుతో మాట్లాడుతున్నారు. రఫీ ఉన్నాడు గానీ, అతను గోడ వైపు చూస్తున్నాడు. చదివితే తప్పేమిటి, అక్కడా రోడ్డుంది, అక్కడా లారీలు పంపవచ్చు అని ఆమె మనసు నానా రకాలుగా బేరమాడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నీళ్ళు రావు, నిశ్చింతగా ఉండమని చెప్పిన నోటితోనే ఇప్పుడు ఈ పేరు పలకాలి.

"నల్లగరువు" అంది.

ఆ వెంటనే ల్యాండ్ ఫోను అందుకుని చెల్లెలికి చేసింది. ఆపేసి ఉంది. ధనరాజుదీ అంతే. మైకు కట్టిన జీపు బయల్దేరుతోంది.

"నేనూ వెళ్తాను" అంది. "పొక్లెయిన్లతో అటు రమ్మని, తలలు నేను లెక్కపెట్టి చెప్పేదాకా గండి కొట్టవద్దని సాల్మన్ రాజు గారికి చెప్పు రఫీ. జహ్ను చెప్పినా సరే కొట్టొద్దు."

జీపు మైకు ఊళ్ళోకి రాకముందే వినిపించింది కాబోలు, నర్సరీ గేటు దగ్గర కుసుమ గొడుగు కూడా లేకుండా నిలబడి ఉంది. ఆమె వెనక వానలో తోట మెరిసిపోతోంది. గులాబీలు, కాగితప్పూలు, కుండీల్లో బంతి నారు, షేడ్ నెట్ కింద బారులు తీరిన అంట్లు. దసరాకి అమ్ముడుపోవలసిన సరుకు.

"నీళ్ళు రావన్నావు కదక్కా" అంది కుసుమ.

"అన్నాను. అప్పుడు లెక్క తప్పు."

"ఈయన మొక్కలెక్కిద్దామంటే ఒద్దన్నాను. నీ మాట మీద."

"తెలుసు. ఇప్పుడు మొక్కలకి టైము లేదు కుసుమా. మనుషులు ఎక్కాలి. లారీలన్నీ తీయించు."

కుసుమ కదల్లేదు. "మా ఊరి పేరు ఎవరు చెప్పారు? మిషనా?"

అవునంటే సరిపోయేది. జనం మిషను మీద కోపం పెట్టుకుంటారు, చెల్లెలు కూడా దాన్నే తిట్టుకునేది.

"మిషను రెండు పేర్లిచ్చింది. చదివింది నేను."

"రెండోది ఎక్కడ?"

"చింతలరేవు. అక్కడ నలభైమంది ఎక్కువ."

"ఆ నలభైమందీ నీకు తెలుసా?"

"తెలీదు."

"నేను తెలుసు కదా" అంది కుసుమ.

మైకు మోగుతూనే ఉంది. ధనరాజు అప్పటికే లారీ తీశాడు. వదినగారి ముఖం వైపు ఒకసారి చూసి, "తర్వాత మాట్లాడుకుందురు గానీ, ముందు ముసలాళ్ళని ఎక్కిద్దాం రండి వదినా" అన్నాడు. పుణ్యవతి వెళ్ళి పిల్లల్నెత్తి లారీకెక్కించింది. మంచాన ఉన్న ఒక పెద్దావిడను నలుగురూ కలిసి దుప్పట్లో పెట్టి మోశారు. మొక్కల కోసం వేసిన కొబ్బరిపొట్టు మీదే జనం కూర్చున్నారు. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో ప్రభుత్వాన్ని తిడుతున్నారు. కుసుమ ఇంటింటికీ తిరిగి పేరు పెట్టి పిలుస్తూ అందరినీ బయటికి తెచ్చింది. అక్క వైపు చూడకుండా, అక్క చెప్పిన పనంతా చేసింది.

లారీలు మెరక రోడ్డు మీదికి చేరాక పుణ్యవతి ఒక్కొక్క తలనూ తాకుతూ లెక్కపెట్టింది. కుసుమ చెప్పిన ఊరి లెక్కకు ఒకరు తక్కువ. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ ఒకరు తక్కువ. దూరాన గట్టు మీద పొక్లెయిన్ లైట్లు వెలుగుతున్నాయి. ఇంకెంత సేపని సాల్మన్ రాజు అడుగుతున్నాడు. కోటిపురం గట్టులోంచి నీళ్ళు ఊరడం మొదలైందని రఫీ చెబుతున్నాడు. "ఆగండి, ఆగండి" అంటూనే ఉంది పుణ్యవతి.

"ఈయన లేరు" అంది కుసుమ. లారీ దిగి తోట వైపు పరుగు పెట్టబోతే ఇద్దరు ఆడవాళ్ళు రెక్క పట్టుకుని ఆపారు.

ధనరాజు వానలోంచి నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో ఒక్క మొక్క కూడా లేదు. "గేట్లన్నీ తీసొచ్చానండి. నీళ్ళు గుద్దుకోకుండా పోతే గోడలైనా మిగుల్తాయని" అన్నాడు. కుసుమ అతని చొక్కా పట్టుకుని వదల్లేదు.

"సరిపోయింది, కానివ్వండి" అంది పుణ్యవతి ఫోనులో.

గోదారి గట్టు దాటిన చప్పుడు ఇంత దూరం వినపడింది. నీళ్ళు తొందరేం లేనట్టు వచ్చాయి. ముందు బంతి నారు తడిసింది, తర్వాత కుండీలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలాయి. షేడ్ నెట్ ఒక పక్కకు ఒరిగింది. గులాబీలు కాసేపు పైకి కనిపించి అవీ పోయాయి.

అనంతపద్మనాభం గారు ఫోను చేశారు. "కోటిపురంలో నీటి మట్టం దిగుతోందమ్మా. ఎక్కడా ఒక్క ప్రాణం పోలేదు. తప్పు జరిగింది, మీరే పట్టుకున్నారు, మీరే దిద్దారు. ఢిల్లీకి అలాగే చెప్పాను. రెండో దశ వచ్చినట్టే అనుకోండి."

"సరే సార్" అంది. ఈ మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూసిందో. ఇప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు. నీళ్ళ వైపు చూసి, భయం తీరక మళ్ళీ మొదటి లారీ దగ్గరికెళ్ళి, పెదవులు కదుపుతూ తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. లెక్కపెట్టుకుంటూ వచ్చి చివరి లారీలో ఉన్న కుసుమ ఎదుట ఆగింది.

"నన్ను కలిపావా?" అంది కుసుమ.

"కలిపాను."

"అయితే నీ లెక్క సరిపోయింది. ఇంక వెళ్ళక్కా."

పుణ్యవతి వెళ్ళలేదు. లారీ కదిలేదాకా ఆ వానలో దాని పక్కనే నిలబడింది. కుసుమ తోట వైపే చూస్తూ కూర్చుంది.